సౌండు లేని ఆయ్

ఆదివారం పొద్దుటి నుంచి తాతబ్బాయి ఇంట్లో తిరుగుతూనే ఉన్నాడు. మంచం మీద కూర్చుంటాడు, వెంటనే లేస్తాడు. కుండీలో తులసికి నీళ్ళు పోస్తాడు, పోసిన సంగతి మరిచిపోయి మళ్ళీ పోస్తాడు. వీధి గుమ్మం దాకా వెళ్ళి, బయట మోటారు సైకిలు చప్పుడు వినపడగానే వెనక్కి వచ్చేస్తాడు. యాభై రెండేళ్ళ మనిషి కాలుకాలిన పిల్లిలా తిరుగుతుంటే, పెరట్లో పొయ్యి ముందు కూర్చుని పూతరేకులు తీస్తున్న సత్యవాణికి చిర్రెత్తుకొచ్చింది.

"ఏవండీ, మీరలా తిరుగుతుంటే ఆ గాలికి రేకు లేచిపోతోందండి. ఓ చోట కూర్చోండి, పుణ్యముంటుంది."

"ఆ..." అని ఆగిపోయి, "సరే" అన్నాడు తాతబ్బాయి.

పదిహేను రోజులుగా అతను 'ఆయ్' అనడం మానేశాడు. కోనసీమలో పుట్టి పెరిగినవాడు, ప్రతిదానికీ మర్యాదగా అవుననే ఆ మాట లేకుండా బతకడం ఉప్పు లేకుండా అన్నం తినడం లాంటిది. అయినా తింటున్నాడు. ఎందుకో ఊరందరికీ తెలుసు. ఊరేమిటి, అమలాపురం నుంచి రాజోలు దాకా ఫోనున్న ప్రతివాడికీ తెలుసు.

వాళ్ళది కొత్తపేటకి రెండు కిలోమీటర్ల దూరంలో గోదావరి గట్టు పక్కన చిన్న ఊరు. సత్యవాణి పుట్టిల్లు ఆత్రేయపురం. రేకులు తీసే పనితనం అక్కడి నుంచే తెచ్చుకుంది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట పెట్టి, పల్చటి బియ్యప్పాలలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి అలా పరిచి లాగితే, కాగితం కన్నా పల్చటి రేకు లేస్తుంది. నెయ్యీ బెల్లం వేసి చుట్టిన పూతరేకుని బస్సులో వేసి హైదరాబాదు పంపినా ఏమీ కాదు. అదే చుట్టని ఒట్టి రేకుల దొంతర అయితే గట్టిగా తుమ్మినా చిట్లుతుంది. పెద్దింటి పెళ్ళిళ్ళవాళ్ళు ఒట్టి రేకులే కావాలంటారు. ఇంట్లోనే చుట్టించుకుని వేడి నెయ్యి వాసనతో వడ్డిస్తే వాళ్ళకదో గొప్ప.

ఆ ఒట్టి రేకుల్ని చేరవేయడం తాతబ్బాయి పని. ఆటోలో వేస్తే గోతులకి పొడైపోతాయి. బండి మీద పెడితే అంతకన్నా అన్యాయం. అందుకని వెదురు తట్టలో పేర్చి, కుడి అరచేతి మీద చెవి దగ్గరగా నిలబెట్టి, నడిచి తీసుకెళ్తాడు. మోకాళ్ళు కొంచెం వంచి, మడమ ముందు ఆనకుండా, ఒక రకంగా నడుస్తాడు. చూసేవాళ్ళకి నవ్వొస్తుంది గానీ ఇరవై రెండేళ్ళలో ఒక్క రేకు విరిగింది లేదు. తట్ట మీద తెల్లబట్ట కప్పి, సత్యవాణి దాని మీద ఒక నిమ్మకాయ పెడుతుంది. దిష్టికి అని చెబుతుంది. అసలు సంగతి మొగుడి మీద నిఘా. నిమ్మకాయ దొర్లకుండా చేరితే రేకులు క్షేమంగా చేరినట్టు.

పదిహేను రోజుల క్రితం లంకలో ఉమామహేశ్వరిగారమ్మాయి పెళ్ళికి రెండొందల ఒట్టి రేకులు తీసుకుని రేవుకి వెళ్ళాడు. లంక అంటే గోదావరి మధ్యలో ఉన్న ఊరు, పడవ దాటాలి. పడవ నిండా పెళ్ళివారే ఉన్నారు. ఎడమ కాలు పడవ అంచు మీద వేశాడు. కుడి కాలు ఇంకా రేవు మెట్టు మీదే ఉంది. సరిగ్గా అప్పుడు పడవలో కూర్చున్న ఉమామహేశ్వరిగారు, "సత్యవాణి కులాసానా అండీ?" అని అడిగారు. అదే క్షణంలో పడవ చివర గెడ పట్టుకున్న చిన్నా, "వదిలేయమంటారా అండీ?" అని కేకేశాడు.

పెద్దావిడ పలకరిస్తే బదులు చెప్పకుండా ఎలా ఉంటాడు? "ఆయ్" అన్నాడు తాతబ్బాయి.

చిన్నా వదిలేశాడు.

పడవ లంక వైపు కదిలింది. మెట్టు ఎక్కడికీ పోలేదు. మధ్యలో తాతబ్బాయి కాళ్ళు ఒకదానికొకటి దూరమవుతూ, దూరమవుతూ, ఇక సాగడానికి మనిషి చాలక, బుడుంగుమన్నాడు. పెళ్ళివారిలో ఎవరో అదంతా ఫోనులో తీశారు. సాయంత్రానికల్లా దానికి డప్పు తగిలించి, 'ఆయ్... బుడుంగ్... ఆయ్... బుడుంగ్' అని పాటలా చేసి వదిలారు. మర్నాటికి కొత్తపేట సెంటర్లో టీ కొట్టువాడు కూడా గ్లాసు అందిస్తూ "ఆయ్" అని దీర్ఘం తీయడం మొదలెట్టాడు.

నవ్వితే నవ్వనీ, నాలుగు రోజులు నవ్వి మరిచిపోతారని సరిపెట్టుకునేవాడే. అతన్ని కూర్చోనివ్వనిది వేరే ఉంది. ఆ రేకులు విరిగాయా, లేదా? అతనికి తెలీదు. ముక్కుల్లో నీళ్ళు, కళ్ళల్లో నీళ్ళు, ఎవరో చేతిలోంచి తట్ట అందుకున్నారు, ఎవరో చెయ్యి పట్టి ఒడ్డుకి లాగారు. సిగ్గుతో తడిబట్టలతోనే ఇంటికి వచ్చేశాడు. తర్వాత అడిగితే ఉమామహేశ్వరిగారు, "అబ్బే, ఒక్కటీ విరగలేదండీ, భేషుగ్గా ఉన్నాయండీ" అన్నారు. చిన్నాని అడిగితే, "నిమ్మకాయ కూడా ఉందండి బాబూ, ఉందండి" అని దాని సంగతి అడక్కముందే రెండుసార్లు చెప్పాడు.

అదే కొంప ముంచింది. ఇక్కడ ఎవరు మాత్రం మొహమ్మీద నిజం చెబుతారు? ఉప్పు ఎక్కువైన పులుసుని కూడా "అద్భుతమండీ" అని రెండోసారి వేయించుకునే జనం. విరిగిన రేకుల్ని ఒకదాని మీద ఒకటి అతికించి చుట్టేస్తే ఎవరికీ తెలీదు కూడా. ఆవిడ మర్యాదస్తురాలు, విరిగినా విరిగాయని అనదు. పైగా ఇప్పుడు పదహారు రోజుల పండక్కి మళ్ళీ రెండొందల రేకులు చెప్పింది, రేపు సోమవారం చేర్చాలి. జాలిపడి చెప్పిందని తాతబ్బాయి అనుమానం. ఇరవై రెండేళ్ళ పేరు పోయిందో ఉందో తెలీక, అడిగితే నిజం చెప్పే దిక్కు లేక, ఇల్లంతా తిరుగుతున్నాడు.

వీడియో చూస్తే తేలిపోయేది. చూడడు. అతనిది బటన్ల ఫోను. విరగలేదని సత్యవాణి తన ఫోనులో చూపించబోతే, ఆ 'ఆయ్' వినపడగానే చెవులు మూసుకుని పెరట్లోకి పరుగెత్తాడు.

"రేపు నేను వెళ్ళను" అన్నాడు ఇప్పుడు, తులసికి మూడోసారి నీళ్ళు పోస్తూ.

"వెళ్ళకపోతే నేనే నెత్తిన పెట్టుకుని వెళ్తాను లెండి. ముందు ఆ మొక్కని బతకనివ్వండి. కొత్తపేట వెళ్ళి తట్ట కట్టడానికి పురికొస పట్టుకురండి. ఇంట్లో మాత్రం ఉండకండి."

ఎండలో నడిచి కొత్తపేట వెళ్ళాడు. పురికొస కొన్నాడో లేదో, వెనక నుంచి మోటారు సైకిలు మీద ముగ్గురు కుర్రాళ్ళు, "ఆయ్... తాతబ్బాయిగారూ... బుడుంగ్!" అని అరిచారు. రోడ్డు మీద అందరూ తలలు తిప్పారు. తాతబ్బాయికి ఒళ్ళు మండిపోయింది, కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. పక్కనే ఉన్న పాత లైబ్రరీ హాలు తలుపు ఓరగా తీసి ఉంటే, ఎవరున్నారో ఏమిటో చూడకుండా లోపలికి దూరిపోయాడు.

లోపల చీకటి. కిటికీలకి నల్ల దుప్పట్లు కట్టారు. గోడకి తెల్లటి పంచె బిగించి ఉంది. దాని ముందు చాపల మీద పాతికమంది పిల్లలు, కుర్చీల్లో కొందరు పెద్దలు ఉన్నారు. లెక్కల మాస్టారుగా రిటైరైన శ్రీరామచంద్రమూర్తిగారు చిన్న ప్రొజెక్టరుతో కుస్తీ పడుతున్నారు. ఆయనకి పాత మూకీ సినిమాలంటే పిచ్చి. నెలకో ఆదివారం మధ్యాహ్నం పిల్లల్ని పోగేసి ఒకటి చూపిస్తారు.

"రండి రండి తాతబ్బాయిగారూ! మీరొచ్చేరా, ఎంత సంతోషం! ముందు కుర్చీ ఖాళీగా ఉంది, కూర్చోండి."

పొరపాటున వచ్చానని ఎలా చెబుతాడు? వెళ్ళి కూర్చున్నాడు. తప్పించుకుని పోదామంటే తెర ముందు నుంచే పోవాలి, తన నీడ అంత పొడుగున గోడ మీద పడుతుంది. మళ్ళీ నవ్వుతారు. పురికొస ఉండని చేతిలో నలుపుతూ, కాలు ఆడిస్తూ, తలుపు వైపే చూస్తూ ఉన్నాడు.

"వందేళ్ళ నాటిదర్రా. మాటలుండవు. కళ్ళతోనే వినాలి" అన్నారు మాస్టారు.

తెర మీద ఎక్కడో దొరల ఊరు. సన్నగా, పొడుగ్గా, ముఖంలో ఏ భావమూ లేని ఒక మనిషి, నెత్తిన గుండ్రటి టోపీ. మిఠాయి దుకాణంలోంచి మూడంతస్తుల కేకు తీసుకుని పెళ్ళింటికి చేర్చాలి. కేకుని కుడి అరచేతి మీద, చెవి దగ్గరగా పెట్టుకున్నాడు.

తాతబ్బాయి కాలు ఆగిపోయింది.

దుకాణం తలుపు రెండు వైపులా ఊగే తలుపు. అతను బయటికి రాబోతే అది వచ్చి వీపున తన్నింది. అతను గిర్రున ఒక చుట్టు తిరిగి, మళ్ళీ ముందుకే నిలబడి, ఏమీ జరగనట్టు నడిచాడు. పిల్లలు గొల్లుమన్నారు. తాతబ్బాయి ఉలిక్కిపడ్డాడు. ఆ నవ్వు తన మీదే అనిపించింది. లేచిపోదామని కుర్చీ చేతులు పట్టుకున్నాడు. ఇంతలో తెర మీద భుజాన పెద్ద నిచ్చెన మోస్తున్న ఒకడు వచ్చాడు. ఎవరో పిలిస్తే అటు తిరిగాడు. నిచ్చెన ఇటు తిరిగి టోపీ మనిషి మెడ మీదకి వచ్చింది. అతను చూడనైనా చూడకుండా మోకాళ్ళు వంచి కిందకి దిగాడు. నిచ్చెన తల మీంచి పోయింది. నిచ్చెనవాడు ఇటు తిరిగాడు. ఈసారి నిచ్చెన కాళ్ళ దగ్గరికి వచ్చింది. టోపీ మనిషి గెంతాడు.

"మోకాళ్ళు!" అన్నాడు తాతబ్బాయి, పైకే.

తర్వాత వీధి కడుగుతున్న చోట సబ్బు నీళ్ళు. టోపీ మనిషి అందులో కాలు పెట్టాడు. కాళ్ళు ముందుకి పరిగెడుతున్నాయి, మనిషి అక్కడే ఉన్నాడు. ఒక కాలు తూర్పుకి, ఒక కాలు పడమరకి పోయాయి. దబ్బున కూలబడ్డాడు. హాలంతా పడీ పడీ నవ్వుతోంది. తాతబ్బాయి మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. నీడ పడుతుందన్న సంగతే మరిచిపోయాడు.

"మాస్టారూ, మాస్టారూ, ఆపండి! మళ్ళీ వెయ్యండి అది. మీరందరూ కాళ్ళు చూసి నవ్వుతున్నారండి. కాళ్ళు కాదు, చెయ్యి చూడండి!"

మాస్టారు వెనక్కి తిప్పి మళ్ళీ వేశారు. తాతబ్బాయి తెర దగ్గరికి వెళ్ళాడు. తెర మీది వెలుతురు అతని చొక్కా మీద పడి కదులుతోంది. "ఇదిగో చూడండి. కాళ్ళు ఎటు పోతే అటు పోనిచ్చేడు. నడుం పోనిచ్చేడు. చెయ్యి మాత్రం గాల్లో మేకు కొట్టినట్టు అక్కడే ఉంది. మనిషి మొత్తం ఆ చెయ్యి చుట్టూ పడ్డాడండి! భుజం వదులు చేసి, మోచెయ్యి ఒక్కటి పైకి నెట్టేడు. పడిపోతున్నప్పుడు ఒళ్ళు బిగిస్తే అయిపోయామండి. వీడు బిగించలేదు. ఎంత అభ్యాసం ఉండాలండీ దీనికి! ఎన్నిసార్లు దెబ్బలు తినుంటాడో మహానుభావుడు!"

మూడోసారి వేయించుకుని చూశారు. ఈసారి పిల్లలు చెయ్యే చూశారు, అంతకు రెట్టింపు నవ్వారు. కేకు పెళ్ళింటి గుమ్మం దాకా చెక్కుచెదరకుండా చేరింది. తలుపు తీసిన ఇల్లాలిని చూసి టోపీ మనిషి మర్యాదగా ఎడమ చేత్తో టోపీ తీశాడు. కేకు ముందుకి చాచాడు. చాచి, నడుం దాకా వంగి నమస్కారం చేశాడు. మొహం సరాసరి కేకులోకి దిగిపోయింది.

తాతబ్బాయికి నవ్వొచ్చింది. పదిహేను రోజుల తర్వాత వచ్చిన నవ్వు, ఆపుకుందామన్నా ఆగలేదు. పొట్ట పట్టుకుని తెర పక్కనే కూలబడ్డాడు. "మర్యాదకి పోయేడండీ పాపం! అంత దూరం తెచ్చి, మర్యాదకి పోయేడండీ!" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

తుడుచుకుంటూనే ఆగిపోయాడు. అందరూ కాళ్ళే చూస్తారు అన్నది తనే. మరి తన సంగతో? తను ఆ కాళ్ళనైనా చూడలేదు. మాస్టారి వైపు తిరిగాడు.

"మాస్టారూ, నాది ఉందా అండీ మీ ఫోనులో?"

"మీది ఏది? ఓహో, అదా... లేదండీ. అంటే ఎవరో పంపేరు గానీ నేను చూళ్ళేదండీ" అన్నారు మాస్టారు. పచ్చి అబద్ధం. మర్యాద అబద్ధం.

"పర్లేదండి. ఆ పెద్ద తెర మీద వెయ్యండి. సౌండు మాత్రం పూర్తిగా తీసెయ్యండి."

మాస్టారు ఫోనుకి తీగ తగిలించి, వెతికి వెతికి డప్పు కలపని అసలుది పెట్టారు. తెల్ల పంచె మీద రేవు వచ్చింది, చిన్నా పడవ వచ్చింది. మోకాళ్ళు వంచి నడుస్తూ తాతబ్బాయి వచ్చాడు. చెవి పక్కన తట్ట, తట్ట మీద తెల్లబట్ట, దాని మీద పసుప్పచ్చ నిమ్మకాయ. చెయ్యి చూడాలి, చెయ్యే చూడాలి అనుకుంటూ తాతబ్బాయి ఊపిరి బిగబట్టాడు. తెర మీద తన నోరు తెరుచుకుంది. ఏమీ వినపడలేదు. పడవ కదిలింది, కాళ్ళు విడిపోయాయి. ఎవరో చిన్నపిల్ల కిసుక్కుమని ఆపుకుంది. నడుం పోయింది, ఛాతీ పోయింది, మెడ దాకా గోదావరిలోకి దిగిపోయాడు. ఆఖరికి తల కూడా మునిగిపోయింది.

నీళ్ళ పైన చెయ్యి ఉంది. ఆ ఒక్క చెయ్యే ఉంది. దాని మీద తట్ట, గాల్లో మేకు కొట్టినట్టు. నిమ్మకాయ బెత్తెడు దూరం దొర్లింది, అంచు దగ్గర ఆలోచించుకున్నట్టు ఆగింది. పడవలోంచి ఉమామహేశ్వరిగారు రెండు చేతులూ చాచి తట్ట అందుకుని, బట్ట ఎత్తి చూసి, పక్కావిడకి చూపించి ఏదో అన్నారు. ఏమన్నారో వినపడలేదు. బట్ట కింద రేకులు తెల్లగా, గుండ్రంగా, దొంతర దొంతరలుగా ఉన్నాయి.

"నిమ్మకాయ పడలేదండోయ్!" అని అరిచింది ముందు చాప మీది పిల్ల. "మళ్ళీ వెయ్యండి సార్!"

మాస్టారు మళ్ళీ వేశారు. ఈసారి పిల్లలు నవ్వి, చివర్లో చప్పట్లు కొట్టారు. తాతబ్బాయి రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. సంతోషం పట్టలేక ఏడ్చాడు, సిగ్గుపడలేదు.

ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చి, గుమ్మంలోంచే, "సత్యవాణీ, విరగలేదే! ఒక్కటీ విరగలేదు!" అన్నాడు.

"నేను పదిహేను రోజుల్నించీ మొత్తుకుంటోంది అదే కదండీ."

"నువ్వు మర్యాదకి అంటున్నావనుకున్నాను."

సత్యవాణి చేతిలో గుడ్డ పక్కన పెట్టి అతని వంక చూసింది. "ఇరవై ఆరేళ్ళ కాపరంలో నేను మీకు మర్యాద చేసిందెప్పుడండీ?"

పురికొస ఏదని అడిగింది. లైబ్రరీలోనే వదిలేసి వచ్చాడు. మళ్ళీ రెండు కిలోమీటర్లు నడిచి వెళ్ళి తెచ్చాడు.

సోమవారం పొద్దున్న రేవు దగ్గర పడవ నిండుగా ఉంది. తాతబ్బాయి తట్టతో మెట్లు దిగుతుంటే మూడు ఫోనులు పైకి లేచాయి. ఎడమ కాలు వేశాడు. కుడి కాలు వేశాడు. చిన్నా గెడ పట్టుకుని నిలబడి ఉన్నాడు గానీ నోరు విప్పడం లేదు. ఆ రోజు తర్వాత వాడు ఎవరినీ ఆ ప్రశ్న అడగలేదట, అందరూ కూర్చున్నాక తానే లెక్కచూసుకుని వదులుతున్నాడట.

"అడగవేరా?" అన్నాడు తాతబ్బాయి.

చిన్నా గెడ బిగించి పట్టుకున్నాడు. "వదిలేయమంటారా అండీ?"

పడవలో అందరూ అతని నోటి వంకే చూస్తున్నారు. తాతబ్బాయి తల వంచి తన కాళ్ళు చూసుకున్నాడు. రెండూ పడవలోనే ఉన్నాయి. మోకాళ్ళు కొంచెం వంచాడు, భుజం వదులు చేశాడు.

"ఆయ్" అన్నాడు, రేవంతా వినపడేలా.

పడవ ఒక్క కుదుపు కుదిపి కదిలింది. జనం ఘొల్లున నవ్వారు, అందరికన్నా ముందు అతనే నవ్వాడు. నవ్వుతూనే ఓరకంట పైకి చూసుకున్నాడు. నిమ్మకాయ ఉంది.